ఫోన్‌కి ఆంప్ తగిలిస్తే ఏం పెరుగుతుంది?

చెన్నైలో మౌంట్ రోడ్డు నుంచి రిచీ స్ట్రీట్‌లోకి తిరిగితే తమిళంతో పాటు తెలుగు కూడా బాగానే చెవిన పడుతుంది. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ఐటీ కంపెనీల్లో పనిచేసే నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు కుర్రాళ్లకు ఫోన్ కవరు నుంచి ల్యాప్‌టాప్ ర్యామ్ దాకా ఏం కావాలన్నా అదే బజారు. ఒక పక్క టైప్-సి పిన్ను, ఇంకో పక్క హెడ్‌ఫోన్ రంధ్రం ఉండే చిన్న చిన్న వస్తువులకు ఇప్పుడు బాగా గిరాకీ వచ్చింది. తోకలాంటి పొట్టి వైరుతో ఉంటే వాటిని డాంగిల్ అంటారు. అగ్గిపెట్టె సైజులో, సొంత బ్యాటరీతో, వాల్యూమ్ చక్రంతో ఉంటే పోర్టబుల్ ఆంప్ (ఆంప్లిఫయర్) అంటారు. కొనేవాళ్లు అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "ఇది పెడితే సౌండ్ బాగుంటుందా?"

తిరకాసు ఆ ప్రశ్నలోనే ఉంది. "సౌండ్ పెట్టు" అన్నా, "సౌండ్ చాల్లేదు" అన్నా మనం మాట్లాడేది వాల్యూమ్ గురించే. "ఆ థియేటర్లో సౌండ్ అదిరిపోయింది" అన్నప్పుడు కూడా సగం మెప్పు గట్టితనానికే పోతుంది. ఆంప్ పుట్టింది కూడా ఆ గట్టితనం కోసమే. దాంతో నాణ్యత మెరుగుపడటం కొన్ని సందర్భాల్లో మాత్రమే కలిసొచ్చే లాభం. ఆ సందర్భాలు ఏవో తెలియకుండా కొంటే, చేతికొచ్చేది గట్టిగా మోగే పాత సౌండే.

పాట ఫోన్‌లో ఉన్నంతసేపూ వట్టి అంకెల వరుస. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాసుకోవడం. ఆ అంకెలను కరెంటు అలలుగా మార్చేది డాక్. హెడ్‌ఫోన్ లోపలి పొరను కదిలించే సత్తువ ఆ అలలకు ఇచ్చేది ఆంప్. హెడ్‌ఫోన్ రంధ్రం ఉన్న ప్రతి ఫోన్‌లోనూ ఈ రెండూ మొదటినుంచీ ఉన్నాయి. 2016లో ఐఫోన్ 7తో ఆపిల్ ఆ రంధ్రం తీసేసింది. ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావరకు అదే దారి పట్టాయి. దాంతో చెవికి కరెంటు పంపే డాక్, ఆంప్ ఫోన్ కడుపులోంచి వైరు చివరికి వచ్చాయి. కాబట్టి ఇవాళ టైప్-సిలో గుచ్చే "ఆంప్" నిజానికి డాక్, ఆంప్ కలిసిన జంట.

బ్లూటూత్ బడ్స్ వాడేవాళ్లకు ఈ గొడవే లేదు. వాటికి ఫోన్ పంపేది అంకెలే. డాక్, ఆంప్ రెండూ ఆ బఠాణీ గింజంత బడ్ లోపలే ఉంటాయి, బయటి నుంచి ఏ ఆంపూ వాటికి తగిలించలేం. వైర్లెస్ హెడ్‌ఫోన్స్‌కి వైరు పెట్టుకునే వీలున్నా, ఆన్ చేసి ఉంచితే చాలా మోడళ్లలో బయటి నుంచి వచ్చిన అలను మళ్లీ అంకెలుగా మార్చుకుని తమ సొంత ఆంప్‌తోనే వినిపిస్తాయి. వేలు పోసి డాక్ కొని దాన్ని ఇలాంటి హెడ్‌ఫోన్‌కి తగిలిస్తే వచ్చే లాభం ఏమీ ఉండదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా వైరు వాళ్ల కోసమే.

వైరు వాళ్లకు మొదట ఎదురయ్యే ఇబ్బంది బజారులోనే ఉంది. చౌకగా దొరికే టైప్-సి పిన్నుల్లో కొన్నిటి లోపల చిప్పు ఉండదు, వట్టి తీగలే. టైప్-సి పోర్టు నుంచి నేరుగా ఆడియో అలలు పంపగలిగే ఫోన్లలో మాత్రమే అవి మోగుతాయి. మిగతావాటిలో చప్పుడే రాదు. పక్క సీటు స్నేహితుడి ఫోన్‌లో పనిచేసిన పిన్ను మన ఫోన్‌లో మూగబోవడానికి మామూలు కారణం ఇదే, పిన్ను చెడిపోయి కాదు. "డాక్ ఉన్నదేనా?" అని అడిగి కొనాలి.

ఇక అసలు లెక్క. హెడ్‌ఫోన్ డబ్బా మీద ఎవరూ చదవని రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఇంపెడెన్స్, ఓమ్‌లలో. రెండోది సెన్సిటివిటీ, అంటే ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో. కొన్ని కంపెనీలు మిల్లీవాట్‌కి బదులు ఒక వోల్టుకి చెబుతాయి. పోల్చేటప్పుడు అది చూసుకోకపోతే లెక్క తప్పుతుంది.

అపార్ట్‌మెంట్ మేడ మీది ట్యాంకును గుర్తు తెచ్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ట్యాంకు ఎంత ఎత్తున ఉందో అది వోల్టేజీ. పైపు ఎంత సన్నగా ఉందో అది ఇంపెడెన్స్. ట్యాంకుకు సరిగ్గా కింద ఉన్న పై అంతస్తు వాళ్లకు షవర్ సన్నగా పడుతుంది, నీళ్లు లేక కాదు, ఎత్తు చాలక. 1 వోల్టు ఇచ్చే ఫోన్ 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 31 మిల్లీవాట్లు అందిస్తే, అదే వోల్టు 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి మూడు మిల్లీవాట్ల పైచిలుకు మాత్రమే అందిస్తుంది. పైపు సన్నబడితే ట్యాంకును ఎత్తులో పెట్టాలి. ఆంప్ చేసేది అదే.

అయితే చాలామంది చెవిలో ఉండేది 16 నుంచి 32 ఓమ్‌ల మధ్య, మిల్లీవాట్‌కి 100 నుంచి 110 డెసిబెల్స్ దాకా మోగే ఇన్-ఇయర్. అలాంటిదానికి ఒక మిల్లీవాట్ పడితేనే చెవి గింగురుమంటుంది. ఫోన్ దగ్గర దానికి పది ఇరవై రెట్లు ఉంది. దాని మీద ఇంకో ఆంప్ పెట్టడం అంటే ఆటో స్టాండ్ దాకా వెళ్లడానికి లారీ మాట్లాడుకోవడమే. పైగా అంత బలమైన ఆంప్‌కి అంత సున్నితమైన ఇయర్‌ఫోన్ తగిలిస్తే పాట లేనప్పుడు "స్‌స్‌స్" అనే సన్నటి చప్పుడు మొదలవుతుంది. ఫోన్‌లో లేని రొద డబ్బు పెట్టి తెచ్చుకున్నట్టు.

అదే ప్లానార్ హెడ్‌ఫోన్ (చదునైన పల్చటి పొరను అయస్కాంతాల మధ్య కదిలించే రకం) అయితే కథ మారిపోతుంది. 37 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 94 డెసిబెల్స్ ఉన్న ఒక ప్లానార్ జత తీసుకుందాం. ఓమ్‌లు తక్కువే కదా అని మోసపోతారు, కానీ సెన్సిటివిటీ కూడా తక్కువ. పాటలో ఎత్తైన దెబ్బ 110 డెసిబెల్స్ దాకా వినబడాలంటే 40 మిల్లీవాట్లు, అంటే దాదాపు 1.2 వోల్టులు కావాలి. అర వోల్టు ఇచ్చే డాంగిల్ దగ్గర ఏడు మిల్లీవాట్లే ఉంటాయి, 102 దగ్గర ఆగిపోతుంది. ఆపిల్ చిన్న డాంగిల్ ఒక్క వోల్టు ఇస్తుంది, యూరప్‌లో అమ్మే రకం అందులో సగమే. చూడటానికి రెండూ కవల పిల్లలే.

అమ్మేవాళ్లు చెప్పే మిల్లీవాట్ల మాట దగ్గర కూడా కాస్త ఆగాలి. పవర్ రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి "రెండింతలు గట్టిగా ఉంది" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పదింతల పవర్ కావాలి. 100 మిల్లీవాట్ల మోడల్ బదులు 200 మిల్లీవాట్లది తీసుకుంటే ధర రెండింతలు కావచ్చు, సౌండ్ కాదు. 4.4 మిల్లీమీటర్ల లావు పిన్నుతో వచ్చే బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ సంగతీ ఇంతే. వోల్టేజీ రెండింతలు చేస్తుంది, ఆకలున్న హెడ్‌ఫోన్‌కి ఉపయోగమే. మామూలు ఇన్-ఇయర్‌కి మాత్రం ఆ లావు పిన్ను ముచ్చటే ఎక్కువ.

గట్టితనం నాణ్యతగా మారే చోటు ఒకటుంది, దానికి చెన్నై కంటే మంచి ఉదాహరణ ఇంకో ఊరు ఇవ్వలేదు. ఈనాటి సినిమా పాటలను చిన్న చప్పుడూ పెద్ద చప్పుడూ దాదాపు ఒకే ఎత్తులో ఉండేలా నొక్కి తయారుచేస్తారు. అర్ధ వోల్టు ఫోన్‌లో కూడా అవి దంచికొడతాయి. డిసెంబర్ సీజన్‌లో సభల్లో జరిగే కచేరీ రికార్డింగ్ అలా ఉండదు. 1928లో మొదలైన మ్యూజిక్ అకాడమీ నుంచి వీధి చివరి సభ దాకా, తమిళ నగరం నడిబొడ్డున త్యాగయ్య తెలుగు మోగే రోజులవి. ఆలాపన గాలిలా మొదలవుతుంది. తంబురా శ్రుతి దాని కింద సన్నగా పరుచుకుని ఉంటుంది. తని ఆవర్తనం వచ్చేసరికి మృదంగం దెబ్బ దానికి ఎన్నో రెట్లు ఎత్తుకు లేస్తుంది. నొక్కకుండా ఉంచిన రికార్డింగ్‌లో సగటు చప్పుడుకీ శిఖరానికీ మధ్య 20 డెసిబెల్స్ తేడా ఉండటం వింతేమీ కాదు.

ఇప్పుడు సెన్‌హైజర్ హెచ్‌డీ 650 లాంటి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తీసుకోండి. ఒక వోల్టుకి 103 డెసిబెల్స్ అని కంపెనీ లెక్క. అర వోల్టుకి 97. శిఖరం 97 అయితే ఆలాపన 77 దగ్గరో ఇంకా కిందో ఉంటుంది. గదిలో ఫ్యాను తిరుగుతుంటే తంబురా మాయం. చాల్లేదని వాల్యూమ్ బూస్టర్ యాప్ ఏదో వేసుకుంటే ఆలాపన పైకి వస్తుంది కానీ, మృదంగం గట్టి దెబ్బ పడ్డప్పుడల్లా అల తల తెగి "పట్‌పట్" మని చిట్లుతుంది. రెండు వోల్టులిచ్చే ఆంప్ ఉంటే 109 దాకా చోటుంటుంది. ఆలాపన వినబడే ఎత్తులో పెట్టుకున్నా మృదంగానికి తల తగలదు. "ఆంప్ పెడితే వాయిద్యాలు విడివిడిగా వినబడుతున్నాయి" అనే మాటలో నిజమున్న సందర్భం ఇదే.

రెండో సందర్భం ఇంకా ఆసక్తికరమైనది, ఎందుకంటే దానికి గట్టితనంతో సంబంధమే లేదు. ఆంప్‌కి కూడా ఒక సొంత ఇంపెడెన్స్ ఉంటుంది, దాన్ని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ అంటారు. చప్పుడు పుట్టించే చిన్న చిన్న డ్రైవర్లు నాలుగైదు కూర్చిన బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ ఇయర్‌ఫోన్స్‌లో ఇంపెడెన్స్ అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు. ఒక చోట 8 ఓమ్‌లు, ఇంకో చోట 40 ఉందనుకుందాం. వెనకున్న ఆంప్ ఇంపెడెన్స్ 10 ఓమ్‌లైతే, 8 ఓమ్‌ల చోట వోల్టేజీలో 44 శాతమే ఇయర్‌ఫోన్‌కి చేరుతుంది, 40 ఓమ్‌ల చోట 80 శాతం చేరుతుంది. ఆ రెండు చోట్ల మధ్య 5 డెసిబెల్స్ తేడా పుట్టుకొస్తుంది. ఇయర్‌ఫోన్ తయారుచేసినవాళ్లు ఊహించని తేడా అది. గొంతు ముక్కుతో పాడినట్టు అనిపించవచ్చు, లేదా పై స్వరాలు గుచ్చుకోవచ్చు. అదే 1 ఓమ్ ఆంప్ పెడితే తేడా 1 డెసిబెల్ లోపే. ఇక్కడ ఆంప్ మార్చగానే పాట రంగే మారిపోతుంది, అది భ్రమ కాదు. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉండాలనే మోటు లెక్క ఒకటి వాడుకలో ఉంది, అది గుర్తుంటే చాలు. మంచి డాంగిల్స్ చాలావరకు 1 ఓమ్ చుట్టుపక్కలే ఉంటాయి. మిల్లీవాట్లు అట్ట మీద పెద్దక్షరాల్లో వేసి ఈ ఒక్క అంకె దాచేస్తే మాత్రం కాస్త అనుమానించాల్సిందే.

రంధ్రం ఉన్న ఫోన్ వాడేవాళ్లు పాతకాలపు బ్యాటరీ ఆంప్‌ను ఆ రంధ్రానికే తగిలించడం ఉంది. అప్పుడు పాట ఫోన్ డాక్, ఫోన్ ఆంప్ దాటి మళ్లీ ఇంకో ఆంప్‌లోకి వెళుతుంది. ఫోన్ ఆంప్‌లో ఉన్న లోపం ఏదైనా రెండో ఆంప్ దాన్ని భద్రంగా పెంచి ఇస్తుంది. గట్టితనం వస్తుంది, శుభ్రత రాదు. ఇలా వాడక తప్పకపోతే ఫోన్ వాల్యూమ్‌ను పైభాగంలో ఉంచి, ఆంప్ చక్రంతో తగ్గించుకోవడం మేలు. ఫోన్ తక్కువలో, ఆంప్ ఎక్కువలో ఉంటే పెరిగేది ఫోన్ రొదే. 2జీ రోజుల్లో ఇలాంటి ఆంప్‌ని ఫోన్‌కి రబ్బరు బ్యాండ్‌తో కట్టి తిరిగినవాళ్లకు కాల్ వచ్చే ముందు చెవిలో మోగే "జిట్ జిట్ జిట్" గుర్తుండే ఉంటుంది. ఫోన్ సెకనుకు 217 సార్లు సిగ్నల్ తునకలు విసరడం వల్ల వచ్చే రొద అది. డాక్ ఉన్న డాంగిల్‌కి టైప్-సి నుంచి అంకెలే వెళ్తాయి కాబట్టి ఫోన్ ఆంప్ దారిలో అడ్డురాదు.

ఆండ్రాయిడ్‌లో ఇంకో పేచీ ఉంది. చాలా ఫోన్లలో ఏ యాప్ పాటనైనా సిస్టమ్ తన మిక్సర్‌లో వేసి, మామూలుగా 48 కిలోహెర్ట్జ్‌కి, అంటే సెకనుకు 48,000 కొలతలకి, మార్చి పంపుతుంది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14, పాటను ఉన్నది ఉన్నట్టుగా యూఎస్‌బీ డాక్‌కి పంపే వీలు కల్పించింది. కానీ ఫోన్ కంపెనీ, యాప్ రెండూ ఒప్పుకోవాలి. అంతకుముందు నుంచే యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్‌లు తమ సొంత డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌తో ఆ పని చేస్తున్నాయి. ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్‌లో లాస్‌లెస్, అంటే ఏమీ పోగొట్టకుండా కుదించిన పాటలు, తెచ్చింది. 48 కిలోహెర్ట్జ్ దాటిన హై-రెస్ వినాలంటే ఐఫోన్‌కి కూడా బయటి డాక్ కావాలి, ఆపిల్ సొంత డాంగిల్ 48తోనే ఆగిపోతుంది. ఇదంతా వినడానికి గొప్పగా ఉంటుంది కానీ, 44.1 నుంచి 48కి మార్చిన పాటను మార్చని పాట నుంచి చెవితో వేరు చేయడం మహా కష్టం. అంతకంటే చెవికి తెలిసే పేచీ ఇంకోటుంది. ఆపిల్ డాంగిల్‌ను కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు తగిలిస్తే దాని లోపలి వాల్యూమ్ పూర్తిగా తెరుచుకోదు, పాట నీరసంగా మోగుతుంది. డాంగిల్ దండగని పారేసినవాళ్లలో కొందరి అసలు సమస్య ఇదే. కొన్ని ఫోన్లలో ఓటీజీ అనే మీట సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే తప్ప డాక్‌ను గుర్తించవు కూడా.

ఫోన్ లోపలే మంచి ఆంప్ పెట్టి చూపించిన కంపెనీ లేకపోలేదు. 2016లో ఎల్‌జీ వీ20 నాలుగు డాక్‌లు కలిపిన క్వాడ్ డాక్‌తో వచ్చింది. ఆ వరుస ఫోన్లు తగిలించిన హెడ్‌ఫోన్ ఓమ్‌లు చూసుకుని వోల్టేజీ పెంచుకునేవి కూడా. 2021లో ఎల్‌జీ ఫోన్ల వ్యాపారమే మానేసింది. సౌండ్ బాగున్నంత మాత్రాన ఫోన్ అమ్ముడుపోదని మిగతా కంపెనీలకు అది అందించిన కబురు.

మరి ఆంప్ పెట్టగానే "అబ్బ, ఎంత క్లియర్‌గా ఉందో" అని అందరూ ఎందుకంటారు? రెండు పాటల మధ్య అర డెసిబెలో, ఒక డెసిబెలో తేడా ఉంటే చెవి దాన్ని గట్టితనంగా పట్టుకోదు. కాస్త ఎక్కువ మోగిన దాన్నే స్పష్టంగా, నిండుగా ఉందనుకుంటుంది. బేస్, పై స్వరాలు రెండూ వాల్యూమ్ పెరిగినప్పుడే చెవికి సరిగ్గా అందుతాయి కూడా. అందుకే కొట్లో రెండు డాంగిల్స్ మార్చి మార్చి వినిపిస్తే గట్టిదే గెలుస్తుంది. రెండింటినీ కొలిచి సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా స్నేహితుడితో మార్పించి వింటే, మామూలు ఇన్-ఇయర్ విషయంలో వెయ్యి రూపాయల డాంగిల్‌కీ ఇరవై వేల దానికీ తేడా చెప్పగలిగేవాళ్లు అరుదు. ఖరీదైన దానిలో ఈక్వలైజర్, బ్లూటూత్, సన్నసన్నగా కదిలే వాల్యూమ్ మెట్లు లాంటి సౌకర్యాలు ఉండవచ్చు. వాటి కోసం కొనడం వేరు సంగతి.

తాంబరం నుంచి బీచ్ స్టేషన్ వైపు లోకల్ రైల్లోనో, శనివారాల్లో ఇంటికి వెళ్లే పినాకిని ఎక్స్‌ప్రెస్‌లోనో వినేవాళ్లకు అసలు శత్రువు రైలు చప్పుడు. అది పాటలోని సన్నటి భాగాల్ని మింగేస్తుంది. ఆంప్‌తో దాన్ని దాటాలని చూస్తే చెవి మీద పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ కలిసి 2019లో తెచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగమవుతుంది. 83కి 20 గంటలు, 86కి 10, 92కి రెండున్నర. పోను రాను రోజుకు గంటన్నర 92 దగ్గర వింటే వారం కోటా మంగళవారం సాయంత్రానికే అయిపోతుంది. బయటి చప్పుడు ఆపేది చెవిలో సరిగ్గా బిగిసే రబ్బరు టిప్పు. చాలామంది డబ్బాలో వచ్చిన మధ్య సైజుతోనే సర్దుకుంటారు. అది వదులైతే బేస్ మొత్తం కారిపోతుంది, దాన్ని ఏ ఆంపూ తిరిగి తేలేదు. వంద రెండొందలకు దొరికే సరైన టిప్పు కంటే ఎక్కువ మార్పు తెచ్చే ఆంప్ ఈ బజారులో లేదు.

పాట సంగతీ చూసుకోవాలి. 1950లు, 60ల్లో వడపళని, కోడంబాక్కం స్టూడియోల్లో రికార్డయిన మన పాత తెలుగు పాటలు మోనోవి. కుడి చెవికీ ఎడమ చెవికీ ఒకటే మోత. మంచి ఆంప్ పెడితే గాయకుడి ఊపిరితో పాటు టేపు రొద, రికార్డు గరగర కూడా ముందుకొస్తాయి. కొందరికి అదే ఇష్టం. ఇంకొందరు మర్నాటికి మామూలు ఇయర్‌ఫోన్స్‌కి తిరిగొస్తారు.

కొనదలిస్తే సొంత హెడ్‌ఫోన్, బాగా తెలిసిన పాట తీసుకెళ్లాలి. ఆంప్ ఎంత పెంచాలో ఎంచుకునే గెయిన్ మెట్లు రెండుంటే ముందు తక్కువ గెయిన్‌లో వినాలి. వాల్యూమ్ సగం దాటకుండానే చాలా గట్టిగా ఉంటే ఆ ఆంప్ ఆ హెడ్‌ఫోన్‌కి ఎక్కువైనట్టు. చివరికి పాట ఆపేసి, ఆంప్ ఆన్‌లోనే ఉంచి, "స్‌స్‌స్" వస్తోందేమో చూడాలి. రిచీ స్ట్రీట్ హారన్ల మధ్య ఈ ఆఖరి పరీక్ష కుదరదు. లోపల ఏసీ గది ఉన్న కొట్టు వెతుక్కోవాలి, లేదా వారంలోగా వెనక్కి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకుని, రాత్రి పడుకునే ముందు ఫ్యాను ఆపి వినాలి.